నీలి ప్లేటు వీరేశం

నడిగూడెంలో ఉత్త వీరేశం అంటే "ఏ వీరేశం?" అని అడిగేవాళ్లు. నీలి ప్లేటు వీరేశం అంటే మాత్రం ఇంటి దాకా వచ్చి చూపించి పోయేవాళ్లు. హైదరాబాదులోని ఒక విదేశీ కాన్సులేటులో అతను కారు డ్రైవరు. ఆ దేశం పేరుతో మనకిక్కడ పనిలేదు. మన బియ్యం కొనే దేశాల్లో అదొకటి. వాళ్ల ప్రభుత్వం తరఫున ఇక్కడ ఉండి వీసాలు, వ్యాపారాలు, తమవాళ్ల బాగోగులు చూసుకునే ఆఫీసు అది. దాని కార్లకు అందరి కార్లలా తెల్ల నంబరు ప్లేటు ఉండదు. నీలం ప్లేటు మీద తెల్ల అక్షరాలుంటాయి.

అంతకుముందు వీరేశం మిర్యాలగూడ మిల్లుల్లో లారీ నడిపాడు. రోడ్డు మీద చెయ్యెత్తిన ప్రతివాడికీ బండి ఆపి, దిగి, చేతులు కట్టుకొని నిలబడటం అలవాటైన మనిషి. ఒక మిల్లు యజమాని మాటసాయంతో కాన్సులేటులో చేరాడు. చేరిన కొత్తలో పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు సెల్యూట్ కొడితే, ఎవరికా అని అద్దంలో వెనక్కి చూసుకున్నాడు. వెనక సీటు ఖాళీ. ఆ ముచ్చట ఇంటికొచ్చి భార్య గీతకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

గీత కూతురి చదువు కోసం ఊరు వదిలి సూర్యాపేటలో కిరాయి ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని, నర్సింగ్ చదివే రూపను చూసుకునేది. వీరేశం సెలవు దొరికినప్పుడు వచ్చి పోయేవాడు. ఒక పెళ్లిలో చుట్టాలెవరో, "బావా, నిన్ను పోలీసోళ్లు పట్టరంట గదా?" అని అడిగితే, "నన్ను ముట్టాలంటే ఢిల్లీ నుంచి కాయితం రావాలె" అన్నాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు కానీ, ఆ మాటను లోపల ఎక్కడో నమ్మాడు కూడా.

ఆ వానాకాలం నాట్ల రోజుల్లో వైస్ కాన్సుల్‌ను మిర్యాలగూడ తీసుకుపోవాల్సి వచ్చింది. వైస్ కాన్సుల్ అంటే ఆ ఆఫీసులో రెండో అధికారి. కుర్రవాడే, నెమ్మదస్తుడు. వచ్చీరాని హిందీ, ఇంగ్లీషు కలిపి వీరేశంతో ఇంటి సంగతులన్నీ అడిగేవాడు. రూప చదువు ఎంతవరకు వచ్చిందో అతనికి తెలుసు. పొద్దున మిల్లుల్లో బియ్యం రకాలు చూశారు, భోంచేశారు. మధ్యాహ్నం కోదాడలో ఇంకో మిల్లు చూడాలి.

దారిలో పెట్రోలు బంకు దగ్గర మంచినీళ్లకు ఆగినప్పుడు అధికారి తాళంచెవి కోసం చేయి చాపాడు. ఔటర్ రింగు రోడ్డు మీద ఒకటి రెండుసార్లు నడిపి ఉన్నాడు. డ్రైవరు తప్ప ఎవరూ నడపరాదని ఆఫీసులో నియమం ఉంది. సారు అడిగితే డ్రైవరు కాదనేదెట్లా? వీరేశం తాళంచెవి ఇచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

సాగర్ కాలువ వంతెన దిగాక రోడ్డు వంపు తిరుగుతుంది. కాలువ కట్ట మీదినుంచి ఒక మోపెడ్ దిగి రోడ్డెక్కింది. వాళ్ల దేశంలో బండ్లన్నీ రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి. కంగారులో అధికారి చేతులు పాత అలవాటుకే పోయాయి. ఎడమకు తిప్పవలసిన కారును కుడికి తిప్పాడు. మోపెడ్ మనిషి కూడా అటే తప్పుకోబోయాడు.

వీరేశం దిగి పరుగెత్తేసరికి ఆ మనిషి నాటు వేసిన మడిలో పడి ఉన్నాడు. మోకాలి కింద కాలు చూడలేని తీరుగా ఉంది. అధికారి వెనకాడలేదు. ఇద్దరూ కలిసి ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టారు. అధికారి తన చొక్కా విప్పి కాలికి గట్టిగా కట్టి, వెనకే కూర్చుని పట్టుకున్నాడు. వీరేశం స్టీరింగు అందుకున్నాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. దవాఖాన ముందు కారు ఆగినప్పుడు స్టీరింగు వెనక ఉన్నది వీరేశం. వెనక సీట్లో ఉన్నది చొక్కా లేని దొర. స్ట్రెచర్ తెచ్చిన వాళ్లు, గేటు దగ్గర జనం, తర్వాత వచ్చిన కానిస్టేబులు, అందరూ అదే చూశారు. "డ్రైవర్ పేరేంది?" అని కానిస్టేబులు అడిగాడు. వీరేశం చెప్పాడు. డ్రైవరు అతనే కదా. ఎవరు నడిపారని ఎవరూ అడగలేదు.

దెబ్బ తగిలిన మనిషి పేరు సైదులు. అనంతగిరి దగ్గర ఊరు. సీజన్లో మిల్లుల్లో హమాలీ, మిగతా రోజుల్లో కూలిపని. కాలు నిలవదని డాక్టర్లు ఆ సాయంత్రమే తేల్చారు. అధికారి వరండాలో గోడకానుకుని నిలబడి, "రేపు నేనే పోలీసులకు చెబుతాను వీరేశం. భయపడకు" అన్నాడు. వీరేశం తల ఊపాడు.

మర్నాడు అధికారి రాలేదు. అతనికి బదులు జీవన్ వచ్చాడు. కాన్సులేటులో పరిపాలన పనులు చూసే హైదరాబాదు మనిషి. వీరేశాన్ని దవాఖాన ఎదుటి హోటలుకు తీసుకెళ్లి టీ చెప్పాడు.

"చూడు వీరేశం, పోలీసులు నీ పేరు రాశారు. అట్లాగే ఉండనీ" అన్నాడు మెల్లగా. "లాయరును ఆఫీసే పెడుతుంది. స్టేషన్ బెయిల్ వస్తుంది. నీ ఉద్యోగానికి నాది పూచీ."

"నడిపింది నేను కాదు గద సార్."

"నాకు తెలుసు. సార్ పేరు బయటికొస్తే రెండు దేశాల వ్యవహారం అవుతుంది. ఆయన కాన్సులర్ అధికారి. ఆఫీసు పని మీద ఉన్నప్పుడు జరిగిందానికి ఇక్కడి కోర్టులు ఆయన మీద కేసు నడపలేవు. ఎట్లాగూ ఆయనకేమీ కాదు. మరి ఊరికే రచ్చ ఎందుకు? దెబ్బ తగిలినాయనకు ఇన్సూరెన్సు వస్తుంది. నువ్వు నడిపినా వస్తుంది, ఆయన నడిపినా వస్తుంది. అతనికి నష్టమేముంది?"

వీరేశం ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. "మరి నేను గూడ కాన్సులేట్ మనిషినే గద సార్. ఆ రక్షణ నాకు లేదా?" అన్నాడు.

జీవన్ గ్లాసులోకి చూశాడు. "నువ్వు ఈ దేశం మనిషివి వీరేశం. నేనూ అంతే. అది వాళ్ల దేశం నుంచి వచ్చినవాళ్లకు."

ఇన్నేళ్లు ఆ కారులో కూర్చుని తను ఒక గొడుగు కింద ఉన్నాననుకున్నాడు. గొడుగు వెనక సీటు వరకేనని ఇప్పుడు తెలిసింది. కోపం కన్నా ముందు సిగ్గేసింది. పెళ్లిలో అన్న మాట గుర్తొచ్చింది. జీవన్‌కు అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. సైదులును చూసొస్తానని లేచాడు.

వార్డు బయట సైదులు భార్య వీరమ్మ కింద కూర్చుని ఉంది. వీరేశాన్ని చూసి లేవబోయింది. తిట్లకు, శాపనార్థాలకు సిద్ధపడే వెళ్లాడు. ఆమె అతన్ని ఒక్క మాటా అనలేదు.

"కూసో అన్నా" అంది. "నర్సమ్మ చెప్పింది, మీరు జల్దిన తెచ్చిన్రు కాబట్టే పానం దక్కిందంట. గుద్ది ఉరికెటోళ్లే ఉన్నరు ఇయ్యాల రేపు."

వీరేశం గోడ పక్కన కింద కూర్చున్నాడు.

"పొద్దుగాల హైదరాబాదుల ఎల్లి ఉంటవు. అలసిపోయి ఉంటవు. కండ్లు మూతబడ్డయా అన్నా?" అని ఆమే అడిగింది. అడిగి, ఆమే జవాబు చెప్పుకుంది. "మనుషులం గదా. మా ఆయన గూడ సూస్కోక ఎక్కిండేమో కట్ట మీదికెల్లి."

ఆ మాటలు వీరేశానికి దెబ్బల్లా తగిలాయి. చేయని తప్పుకు శిక్ష పడితే భరించవచ్చేమో. చేయని తప్పుకు ఆమె ఇస్తున్న క్షమను చేతులు చాపి తీసుకోవడం అతనివల్ల కాలేదు. అదీగాక, బండి నడిపిన ఇన్నేళ్లలో స్టీరింగు మీద ఒక్కసారి కన్ను మూయలేదు.

"చెల్లె, బండి నేను నడపలే" అన్నాడు. "మా సార్ నడిపిండు. నేను పక్కన కూసున్న."

వీరమ్మ అతని ముఖంలోకి చూసింది. జాలి అంతా ఎటో పోయింది. "నిన్నటి సంది అందరు నువ్వే అంటిరి గదా. ఇయ్యాల ఇంకొకాయన మీద పెడుతున్నవా? కేసయితదని భయపడ్డవా?"

"భయంతోటి గాదు చెల్లె."

"మరెందుకు? దవాఖాన ముందల నువ్వే దిగినవ్. ఊరంత సూసిన్రు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. "పో అన్నా. నువ్వు మంచోనివనుకున్న."

అటునుంచి అటే వీరేశం పోలీసు స్టేషన్‌కు పోయాడు. ఎస్సై విని, కుర్చీలో వెనక్కి వాలాడు. చెడ్డ మనిషి కాడు, అలిసిపోయిన మనిషి.

"ఎఫ్ఐఆర్‌ల నీ పేరు రాసినం. నిన్ననే చెప్పకపోతివా?"

"డ్రైవర్ పేరడిగిన్రు సార్, చెప్పిన. నడిపిందెవరని అడగలే. అడగకున్నా చెప్పాల్సింది. చెప్పలే. తప్పే."

"సాక్ష్యమేంది? నీ మాట తప్ప."

"కాలువ వంతెనకు ముందు పెట్రోలు బంకుంది సార్. ఆడనే సీట్లు మారినం. కెమెరా ఉంటది."

బంకులో కెమెరా ఉంది. నీలి ప్లేటు కారు, అధికారి చేయి చాపడం, తాళంచెవి ఇచ్చి వీరేశం ఇటు తిరిగి ఎక్కడం, అన్నీ కనిపించాయి. ఎస్సై రెండోసారి కూడా చూశాడు. "అన్యాయంగ ఇరుకుతుంటివయ్యా" అన్నాడు. ఆ తర్వాత, "నువ్వు బయటపడ్డవ్. ఆయనను మాత్రం నేను ముట్టలేను" అన్నాడు.

ఎస్సై రాసింది జిల్లా ఆఫీసుకు, అక్కణ్ణుంచి హైదరాబాదులో విదేశీ అధికారుల వ్యవహారాలు చూసే ప్రోటోకాల్ శాఖకు, అక్కణ్ణుంచి ఢిల్లీకి పోయింది. జవాబుగా అధికారి ఆ రోజు ప్రభుత్వ విధి మీదే ప్రయాణిస్తున్నాడని కాన్సులేటు తెలియజేసింది. మిల్లు చూడటానికి పోవడం విధే కదా.

వీరేశం మళ్లీ అధికారిని చూసింది ఒక్కసారే. కాన్సులేటు కార్ల షెడ్డులో ఎదురుపడ్డాడు. ఆగాడు. "మాట్లాడవద్దని మా రాజధాని నుంచి ఆదేశం. ఈ రక్షణ నా ఒక్కడి హక్కు కాదు, మా దేశానిది. నేను వదులుకుంటానన్నా కుదరదు" అని ఇంగ్లీషులో అన్నాడు. ఇంకేదో చెప్పబోయి వీరేశం భుజం మీద చేయి వేశాడు. వీరేశం కదలకుండా నిలబడ్డాడు. ఆ వారంలోనే అతను సెలవు మీద స్వదేశం పోయాడని తెలిసింది. అతని గదిలోకి కొత్త మనిషి వచ్చాడు.

వీరేశం ఉద్యోగం కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. ఏడాదికోసారి పొడిగించే ఒప్పందాన్ని ఈసారి పొడిగించలేదు. నియమానికి విరుద్ధంగా తాళంచెవి ఇవ్వడం కారణమన్నారు. అది అబద్ధం కాదు. గుర్తింపు కార్డు తీసుకుంటూ జీవన్, "నేను చెప్పినట్టు వింటే ఇంత దూరం వచ్చేదా?" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి లేదు, బాధే ఉంది.

సూర్యాపేటలో గీత అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. అతను తినడం అయ్యాక, "ఆమె నమ్మిందా?" అని అడిగింది.

"కెమెరా చూపెట్టినంక నమ్మింది."

"మరి ఏమన్నది?"

వీరేశం చేయి కడుక్కోవడానికి లేచాడు. వీరమ్మ ఏమందో భార్యకు చెప్పబుద్ధి కాలేదు.

వీరమ్మ అడిగింది న్యాయమైన ప్రశ్నే. సైదులు ఇంటికొచ్చి మంచానికి అతుక్కుపోయాడు. ఇన్సూరెన్సు కంపెనీ, నడిపింది డ్రైవరు కాదని తెలిసేసరికి, చెల్లించడానికి అడ్డం తిరిగింది. ఆ విదేశీయుడికి ఇక్కడ నడిపే లైసెన్సు ఉందా అంది. కాన్సులేటు మాట్లాడలేదు. పలకరించడానికి పోయిన వీరేశంతో వీరమ్మ గుమ్మంలోనే, "నువ్వే నడిపిన్నని ఊకుంటే ఈపాటికి మా కత ఒక ఒడ్డుకు చేరేది. నిజం చెప్పినవ్, మంచిదే. నీ కేసు పోయింది. మాకు ఒరిగిందేంది అన్నా?" అంది.

లోపల్నుంచి సైదులు గొంతు వినిపించింది. "ఆయన్నెందుకంటవే. అబద్ధం మీద వచ్చిన పైసలు తిని నేను లేచి నడుస్తనా?" వీరమ్మ తలుపు తీసే ఉంచింది.

వీరేశమే వాళ్లిద్దరినీ కోదాడలో రమ్య అనే వకీలు దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె అంతా విని ముందుగా అన్నది, "అందరూ మిమ్మల్ని భయపెట్టేశారండీ" అని.

"కేసు నడవదన్నరు మేడం" అన్నాడు సైదులు.

"అజాగ్రత్తగా నడిపాడన్న పోలీసు కేసు నడవడం కష్టమే. అది వాళ్ల దేశం ఒప్పుకుంటేనే. నష్టపరిహారం సంగతి వేరు. ఢిల్లీలో రాయబారికి ఉండే రక్షణ వేరండీ, కాన్సులేట్ వాళ్లకుండేది వేరు. వీళ్లకి ఆఫీసు పనికి మాత్రమే రక్షణ. అందులోనూ బండి గుద్ది ఎవరికైనా దెబ్బ తగిలితే, ఆ నష్టం కోసం బాధితుడు వేసే దావాకి ఆ రక్షణ అడ్డం రాదు. దేశాలన్నీ కూర్చుని రాసుకున్న ఒప్పందంలోనే ఉందది."

వీరమ్మ మొదటిసారి ముందుకు వంగింది. "మరి ఇన్నాళ్లు మాకెవరు చెప్పకపోయిరి?"

"అడిగేవాళ్లు లేకపోతే ఎవరు చెప్తారమ్మా?"

ప్రమాదం జరిగిన చోటు దాని కిందికే వస్తుంది కనుక, దావా మిర్యాలగూడ కోర్టులో పడింది. తేలిక మాత్రం కాలేదు. ఆ రోజు ప్రయాణం వివరాలు, లైసెన్సు నకలు కావాలని రమ్య అడిగితే, తమ ఆఫీసు పత్రాలను ఏ కోర్టూ తెప్పించుకోజాలదని కాన్సులేటు నుంచి జవాబు వచ్చింది. ఆ మాట నిజమేనని రమ్య ఒప్పుకుంది. దాంతో భారమంతా వీరేశం నోటి మాట మీద పడింది. అతను బోనెక్కాడు. అప్పటికి మళ్లీ మిల్లు లారీ నడుపుతున్నాడు. ధాన్యం దుమ్ము పట్టిన చొక్కాతోనే వచ్చాడు.

ఇన్సూరెన్సు వకీలు గట్టివాడు. "ఉద్యోగం తీసేశారని కక్షతో చెబుతున్నావు కదూ?" అన్నాడు.

"ఉద్యోగం పోకముందే ఎస్సైకి చెప్పిన సార్."

"తాళంచెవి ఇవ్వరాదని తెలిసీ ఇచ్చావు. అంటే ఈ ప్రమాదంలో నీ తప్పు లేదా?"

కోర్టు హాలులో వీరమ్మ, సైదులు వెనక బెంచీ మీద ఉన్నారు. వీరేశం అటు చూడకుండానే చెప్పాడు. "ఉంది సార్. నేను కాదంటే ఆయన నడపకపోతుండె. ఆయన సార్, నేను డ్రైవర్ అని ఊకున్న. అంతే."

వకీలు ఇంకేదో అడిగాడు కానీ, వీరేశానికి తర్వాత ఏదీ సరిగా గుర్తులేదు. బయటికొచ్చాక వీరమ్మ తన మంచినీళ్ల సీసా అతని చేతికిచ్చింది.

ఇంకో వానాకాలం గడిచాక తీర్పు వచ్చింది. కాన్సులర్ రక్షణ ఈ దావాకు అడ్డుకాదని, అధికారికి లైసెన్సు లేదని రుజువు చేయలేకపోయిన కంపెనీ చెల్లించాల్సిందేనని కోర్టు తేల్చింది. కంపెనీ పైకోర్టుకు పోతానని కొన్నాళ్లు బెదిరించి, చివరికి కట్టింది. సైదులు కృత్రిమ కాలు పెట్టించుకున్నాడు. బస్తా మోయలేడు కనుక, వీరేశం మాటసాయంతో ఒక మిల్లులో లారీలు తూచే కాటా దగ్గర కూర్చునే పని దొరికింది. పోలీసు కేసు మాత్రం అలాగే ఉంది. ఢిల్లీ నుంచి జవాబు రాలేదు. ఎస్సై బదిలీ అయి పోయాడు. కొత్తాయనకు అది పాత ఫైలు.

మొన్న వీరేశం కోదాడ లోడు తూకం వేయించుకుంటుంటే సైదులు కిటికీలోంచి పిలిచాడు. మధ్యాహ్నం వేళ, వెనక బండ్లు లేవు. ఇద్దరూ కాటా గది మెట్టు మీద కూర్చున్నారు.

"అన్నా, ఒకటడగాలె అనుకుంటనే ఉన్న. ఆ సారు మంచోడేనా?"

"మంచోడే. చెడ్డోడైతే నేను ఎప్పుడో మరిసిపోయెటోన్ని."

"మా ఇంటికి ఒక్కపారి వస్తే బాగుండు. తప్పైందన్నా చాలు, నేనేం అనను." సైదులు కాలు సర్దుకున్నాడు. పట్టీ దగ్గర ఇంకా ఒరుసుకుంటుంది. "గాయన ఇప్పుడు గూడ బండి నడుపుతుండంటవా?"

"తెల్వదు."

"నడపాలంటే భయమైతుండొచ్చు."

"కావచ్చు" అన్నాడు వీరేశం. మిల్లు గేటులోకి ఇంకో లారీ వచ్చింది. సైదులు గోడ పట్టుకుని లేచి లోపలికి పోయాడు. వీరేశం అతను కుర్చీలో సర్దుకునేదాకా చూసి, తన బండి తీశాడు.